స్టౌటు అను నల్లబీరు: దాని జమాఖర్చులు

మన సంఘము వారు ఈ యేటి సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినపుడు, నేను హొసకోటె కోటను గూర్చియో, అవిముక్తేశ్వరస్వామి ఆలయమును గూర్చియో వ్రాయుదునని వారు తలచి యుందురు. 1595 ప్రాంతమున సుగటూరు ప్రభువగు తమ్మేగౌడ కట్టించిన క్రొత్తకోటయే హొసకోటె యనియు, మన ఊరిపేరు అందుండియే వచ్చినదనియు మన పిల్లలకు కూడ తెలిసినదే. నేనిప్పుడు వ్రాయబూనినది కోట చరిత్ర కాదు. ఒక పానీయపు చరిత్ర. అది కాఫీయు చాకొలెట్టును చేర్చి చేసిన మిక్కిలి ఘాటైన నల్లని బీరు. దానిని స్టౌటు అందురు. మద్యమును గూర్చి సంఘ సంచికలో వ్రాయుట తగునా యని పెద్దలు కొందరు నొసలు ముడుచుకొనవచ్చును. వారి శంక న్యాయమైనదే. అది నాకును కలదు. కనుకనే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

నేను చరిత్రకారుడను గాను. పదవ తరగతి పరీక్షలో ఉత్తీర్ణుడనై, బెంగుళూరులోని ఒక బీరు కర్మాగారమున 34 సంవత్సరములు సరకుల గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఎన్ని బస్తాల మాల్టు లోనికి వచ్చెను, ఎన్ని సీసాలు బయటికి పోయెను, ఎన్ని దారిలో పగిలెను, ఇదియే నా విద్య. ఇన్నేండ్లలో ఆ సీసాలోనిది ఒక్క చుక్కయైన నా నాలుకను తాకలేదు. అందులకు కారణము కలదు. మా నాయన సారాయికి లోబడినవాడు. హొసకోటె చెరువు క్రింద మాకుండిన రెండెకరముల మడి సారాయి అంగడికే పోయెను. నేను కొలువునకు బయలుదేరిన దినమున మా అమ్మ గుమ్మము కడ నిలిచి, "లెక్క రాయి నాయనా. నోట్లో మాత్రం పెట్టొద్దు" అనెను. ఆమె జీవించియున్నంతకాలము ఆ మాటను నేను దాటలేదు. ఆమె పోయి తొమ్మిదేండ్లయినది.

నా చెల్లెలి కుమారుడు నేడు బెంగుళూరులోని ఒక చిన్న బ్రూవరీలో బీరు చేయు పనివాడుగా నున్నాడు. ఇంజనీరింగు చదివి ఈ పనికి పోయెనని ఇంటిలో కొంతకాలము మాటలు సాగినవి. గడచిన వేసవిలో అతడు మా ఇంటికి వచ్చి, "మామా, 34 ఏండ్లు మాల్టు లెక్క రాసినారు. ఆ మాల్టు ఏమయితుందో ఒక్క దినము వచ్చి చూడండి. తాగమని అడగను" అనెను. మా ఇంటామె, "పోయి రండి, చూసేదానికి ఏమి?" అనినది. అట్లు పోయి చూచి, విని, పిదప ఇంటికి వచ్చి చదివి తెలిసికొన్న విషయములనే మీ ముందుంచుచున్నాను. గుమాస్తా అలవాటు చొప్పున దీనిని రెండు పద్దులుగా వ్రాయుదును. ఒకటి జమ, రెండవది ఖర్చు.

మొదట ఈ వస్తువు ఎట్లు తయారగునో చెప్పవలెను. మన ఇండ్లలో పసిబిడ్డల కొరకు రాగులు నానవేసి, గుడ్డలో మూటగట్టి, మొలక వచ్చిన పిదప ఎండబెట్టి, దోరగా వేయించి పిండి విసరుదురు గదా. బీరునకు వాడు యవలకును అదియే విధి. నానిన గింజ మొలకెత్తునపుడు తనలోని పిండిని చక్కెరగా మార్చుకొను శక్తిని సంపాదించుకొనును. అంతట దానిని వేడిగాలిలో ఆరబెట్టి మొలకను ఆపుదురు. దీనినే మాల్టు అందురు. మాల్టును నలుగగొట్టి వేడినీటిలో నానబెట్టినచో తియ్యని రసము దిగును. ఆ రసమును హాప్స్ అను చేదుపూవులతో కాచి, చల్లార్చి, ఈస్టు చేర్చి పులియబెట్టుదురు. ఈస్టు చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. బీరు వన్నె చాలవరకు గింజను వేయించు పొయ్యినుండియే వచ్చును. లేతగా ఆరిన మాల్టు పసుపువన్నె నిచ్చును. దోరగా వేగినది గోధుమవన్నె నిచ్చును. 200 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో వేయించినది నల్లని వన్నె నిచ్చును. స్టౌటు ఈ చివరి జాతికి చెందినది.

దీనికి పుట్టినిల్లు లండను నగరము. 18వ శతాబ్ది పూర్వార్ధమున అచటి వీధులలో బరువులు మోయు కూలీలు ముదురువన్నె బీరును విశేషముగా త్రాగెడివారు. ఆ కూలీలను పోర్టరులందురు గనుక, ఆ బీరునకును పోర్టరు అను పేరే నిలిచెను. అందులో ఘాటైనదానిని స్టౌటు పోర్టరు అనిరి. ఇచట స్టౌటు అనగా బలమైనది. కాలక్రమమున పోర్టరు అను మాట జారిపోయి స్టౌటు అను విశేషణమే నామమై కూర్చుండెను. ఐర్లండు దేశమున ఆర్థర్ గిన్నిస్ అను నాతడు 1759లో డబ్లిను నగరమందలి ఒక బ్రూవరీని, ఏడాదికి 45 పౌనుల బాడుగపై 9000 సంవత్సరముల గడువునకు కౌలునకు తీసికొనెను. అట్టి కౌలుపత్రమును నా కొలువులో నేనెన్నడును చూచి యెరుగను. అతడును తొలుత లేతవన్నె బీరునే చేసి, 1799 నాటికి దానిని విడిచి పోర్టరుపైననే నిలిచెను. నల్లబీరనగానే నేడు లోకమునకు గుర్తు వచ్చు పేరు అతనిదే.

ఈ కథలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒక లెక్కల సంగతి. తొలినాళ్లలో పోర్టరును గోధుమవన్నె మాల్టుతోనే చేసెడివారు. 18వ శతాబ్ది చివరి భాగమున రసములోని చక్కెరను కొలుచు హైడ్రోమీటరు అను సాధనము బ్రూవరీలలో ప్రవేశించెను. కొలిచి చూడగా, ముదురు మాల్టుకంటె లేత మాల్టునుండియే ఎక్కువ చక్కెర దిగుచున్నదని తేలెను. లాభము తెలిసిన యజమానులు లేత మాల్టునకు మరలిరి. కాని బీరు వన్నె తగ్గిపోయెను. వన్నె కొరకు ఏవేవో వస్తువులు కలుపువారు బయలుదేరిరి. అట్టి సమయమున, 1817లో, డేనియల్ వీలర్ అను నాతడు మాల్టును తిరుగు పీపాలో వేయించి నల్లగా చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ యంత్రము కాఫీగింజలు వేయించు యంత్రమును పోలినదే. ఆ నల్లమాల్టు కొంచెము చాలును, పెద్ద తొట్టెడు బీరు నల్లబడును. కావున కాఫీకిని నల్లబీరునకును గల చుట్టరికము నేటి యువకులు కల్పించినది కాదు. 200 సంవత్సరములకు పూర్వమే అవి ఒకే విధమైన పొయ్యిపై వేగినవి.

జమ చెప్పితిని గనుక ఆ కాలపు ఖర్చు పద్దును కూడ చెప్పవలెను. 1814 అక్టోబరు 17వ తేదీన లండనులోని హార్స్‌షూ బ్రూవరీలో పోర్టరు నిలువజేసిన ఒక మహత్తరమైన కొయ్యతొట్టి పగిలెను. ఆ వరద గోడలను కూల్చి, ప్రక్కనున్న పేదల ఇండ్లలోనికి దూకెను. ఎనమండుగురు మరణించిరి, వారిలో స్త్రీలును పసిపిల్లలును ఎక్కువ. విచారణ జరిపినవారు ఇది దైవికమని తీర్మానించిరి. పోయిన బీరుపై కట్టిన సుంకమును ప్రభుత్వము యజమానులకు తిరిగి యిచ్చెను. పగిలిన సీసాలకు పద్దు వ్రాసిన నాకు ఈ సంగతి చదివినపుడు కలము ముందుకు సాగలేదు.

ఈ పోర్టరు పీపాలు ఓడలెక్కి మన దేశమునకును వచ్చినవి. ఈస్టిండియా కంపెనీ అధికారులు లేతవన్నె ఏల్ బీరును కోరగా, సామాన్య సైనికునకు పోర్టరే ప్రీతిపాత్రము. శ్రీరంగపట్టణములోని జ్వరములకు తాళలేక ఆంగ్ల సైన్యము బెంగుళూరునకు మరలి, 1809లో ఇచట కంటోన్మెంటు ఏర్పడినది. దానివెంట వర్తకులు, పాకీవారు, వంటవారు, కూలీలు, గుమాస్తాలు తెలుగు తమిళ సీమలనుండి వచ్చి చేరిరి. మన సంఘములోని కొన్ని కుటుంబముల పెద్దలు అట్లు వచ్చినవారే. తెల్లదొరల త్రాగుడు లెక్కలకు ఒక చిన్న నిదర్శనము నేటికిని నిలిచి యున్నది. యువకుడగు విన్‌స్టన్ చర్చిల్ 1896 మొదలు బెంగుళూరు దండులో లెఫ్టినెంటుగా నుండెను. అతడు క్లబ్బునకు బాకీపడిన 13 రూపాయలు రాబట్టుకొనజాలని పద్దుగా 1899 నాటి లెక్కలలో కనబడును. నేటి బెంగుళూరు క్లబ్బువారు ఆ పుస్తకమును భద్రపరచియున్నారు. ఆ పద్దు వ్రాసిన గుమాస్తా ఎవరో గాని, అతని చేతికి నా నమస్కారము.

ఆ సైన్యముల దప్పిక తీర్చుటకే దక్షిణదేశమున బ్రూవరీలు పుట్టినవి. 1915లో థామస్ లీష్‌మన్ అను స్కాట్లండు దేశీయుడు అట్టివానిని ఐదింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ అను సంస్థను స్థాపించెను. పీపాలలో నింపిన బీరు సైనికులకు చేరుచుండెను. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో విఠల్ మల్య ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరయ్యెను. మరు సంవత్సరమే అధ్యక్షుడయ్యెను. బెంగుళూరు నడిబొడ్డున నేడు యూబీ సిటీ యను ఎత్తైన భవనములున్న చోటనే ఒకప్పుడు మాల్టు వాసన గుప్పుమనెడిది. అయితే తెల్లదొరలతోపాటు నల్లబీరు కూడ చాలవరకు వెడలిపోయెను. ఎండదేశమునకు చల్లగా త్రాగు పసుపువన్నె లాగరు బీరే నిలిచెను. నేను 34 సంవత్సరములు లెక్క వ్రాసినదియు అదియే.

నల్లబీరు తిరిగి తలయెత్తినది సీమదేశములందు, 1990ల నుండి. అమెరికాలోని చిన్న బ్రూవరీలవారు స్టౌటునందు నిజమైన కాఫీని చేర్చిరి. ఇంగ్లండులో యంగ్స్ అను సంస్థ చాకొలెట్టు స్టౌటును అమ్మజూపెను. ఇచట ఒక తికమక కలదు. చాకొలెట్టు మాల్టు అను పేరుగల మాల్టు ఒకటి యున్నది. అందు చాకొలెట్టు లేశమును ఉండదు. వన్నెను బట్టి వచ్చిన పేరు అది. నేను కూడ ఆ పేరు వినినపుడు ఇందు చక్కెర బిళ్లలు కలుపుదురు కాబోలు అనుకొంటిని. మన బెంగుళూరులో 2010లో ఇందిరానగరమున టాయిట్ అను బ్రూవరీ మొదలైన పిదప, అక్కడికక్కడనే బీరు చేసి అమ్ము చిన్న బ్రూవరీలు పెక్కు వెలసినవి. మన హొసకోటెనుండి బెంగుళూరు పోవు పాత మద్రాసు రోడ్డు ప్రక్కన నింబెకాయిపురమునందు కూడ గైస్ట్ అను సంస్థ బ్రూవరీ కలదు. రాగి చేలు చూచిన దారిలో ఇప్పుడు ఈ తొట్లు కనబడుచున్నవి.

ఇక మా మేనల్లుడు చూపిన స్టౌటు సంగతి. తొట్టి ప్రక్కన రెండు చిన్న సంచులుండెను. "ఇది అరకు కాఫీ, ఇది గోదావరి కోకో, మామా. రెండూ మనవే" అనెను. "మనవే" యను ఆ మాట నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది. మన దేశమున కాఫీ చరిత్ర 17వ శతాబ్దిలో బాబా బుడన్ అను యాత్రికుడు మక్కా యాత్రనుండి మరలుచు తెచ్చిన ఏడు గింజలతో, చిక్కమగళూరు కొండలపై ఆరంభమైనదని చెప్పుదురు. కాఫీబోర్డు బెంగుళూరునందే యున్నది. ఆ బోర్డు తన కాఫీహౌసులను మూసివేయగా పని కోల్పోయిన కార్మికులు 1957 ఆగస్టు 19న తమ తొలి సహకార సంఘమును బెంగుళూరునందే స్థాపించుకొనిరి. తూర్పు కనుమలలో కాఫీ మొక్క 1898లో బ్రోడీ అను ఆంగ్లేయునిచే పాములేరు లోయలో నాటబడినది. పిదప అది విశాఖ మన్యమునకు ప్రాకెను. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వానిపై ప్రాకిన మిరియపు తీగల నడుమ, గిరిజన కుటుంబములు దానిని సాగుచేయుచున్నవి. 2017లో ఆ కాఫీకి పారిస్ నగరమున అంగడి తెరచిరి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. 2021లో ఇందిరానగరమునకును ఆ అంగడి వచ్చెను.

కోకో కథ ఇంకను క్రొత్తది. ఆ మొక్క అమెరికా ఖండమునకు చెందినది. మన దేశమున వర్తకపు పంటగా 1960లలో కేరళమున వేళ్లూనినది. గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నీడలో 1990ల నుండి అంతరపంటగా వ్యాపించి, నేడు కోకో పంటలో ఆంధ్రప్రదేశమే దేశమునకు అగ్రస్థానమున నున్నది. ఇందు విశేష మేమనగా, కోకోగింజను కూడ పులియబెట్టవలెను. కాయను పగులగొట్టి, తెల్లని గుజ్జుతోనున్న గింజలను కుప్పపోసియో పెట్టెలలో నింపియో ఐదారు దినములు ఉంచినచో, ఈస్టు మొదలగు సూక్ష్మజీవులు ఆ గుజ్జును తినివేయును. గింజ వేడెక్కి, దాని చేదు కొంత విరుగును. ఆ పిదప ఎండబెట్టి వేయించిననే చాకొలెట్టు వాసన పుట్టును. ఇట్లు యవలు, కోకో రెండును పులిసినవే; యవలు, కాఫీ, కోకో మూడును వేగినవే. పులియబెట్టుట, వేయించుట మన వంటింటి పనులే గదా. దోసెపిండి తెలిసిన ఇల్లాలికి ఇందులో క్రొత్తవింత ఏమియు లేదు.

మా మేనల్లుడు కోకోముక్కలను బీరు పులిసిన పిదప తొట్టిలో వేసి కొన్ని దినములు నాననిచ్చును. కాఫీని చన్నీటిలో నానబెట్టి, ఆ కషాయమును కడపట చేర్చును. వేడినీటి కషాయము చేర్చినచో వగరు హెచ్చునట. సామాన్యమైన లాగరులో మద్యసారము నూటికి 5 పాళ్లు. దీనిలో 8 పాళ్లు. ఇట్టివానిలో 10, 12 పాళ్లు కలవియు ఉన్నవి. ఇది తెలిసి త్రాగవలసిన వస్తువు. దప్పికకు త్రాగునది కాదు.

అతడు ఒక చిన్న గ్లాసున పోసి బల్లపై నుంచెను. రమ్మనలేదు, త్రాగుమనలేదు. నేను దానిని వెలుగునకు ఎత్తి చూచితిని. అంచున మాత్రము ఎరుపుజాడ కలదు, తక్కినదంతయు కాటుక. పైని నురుగు మన ఫిల్టరు కాఫీ నురుగువలె గోధుమవన్నె. వాసన చూచితిని. మొదట కాఫీ. పిదప కోకో. వాని వెనుక వేరొకటి. అది ఏదియో తట్టుటకు కొంతసేపు పట్టినది. రాగిసంగటి కుండ అడుగున మాడిన చెక్కును మా అమ్మ గీకి మా చేతిలో పెట్టెడిది. ఆ వాసన అది. నా కన్నులు చెమర్చినవని చెప్పుటకు సిగ్గుపడను.

ఒక గ్రుక్క త్రాగితిని. నాలుకపై మొదట చేదు, నడుమ బెల్లపు ముక్కవంటి తీపి, గొంతు దిగిన పిదప వెచ్చదనము. ఆ వెచ్చదనము తగిలినపుడు మా నాయన ముఖము కనబడినది. ఆయన త్రాగినది ఇట్టి నైపుణ్యముతో చేసినది కాదు. కాని ఆయన వెదకినది ఈ వెచ్చదనమునే కాబోలు. గ్లాసును క్రింద పెట్టితిని. తక్కినది అట్లే యుండినది. మేనల్లుడు దానిని తీసికొనిపోయి పారబోసెను. ఏమియు అడుగలేదు.

ఖర్చు పద్దును ఇప్పుడు పూర్తి చేయవలెను. సారాయి వలన కూలిన ఇల్లు మాది ఒక్కటియే కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరదీక్షా తరగతులలో చదువు నేర్చుకొన్న స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే సడలిపోయెను. మన కర్ణాటకమున 2007 జూలై 1 నుండి సారాయి అమ్మకము నిలిచినది. మా నాయన దానిని చూడలేదు. మా అమ్మ చూచినది. ఆ దినమున ఆమె, "మడి తిరిగి రాదు గదా" అని మాత్రము అనెను. అంగడి సారాయికిని, బల్లపైని స్టౌటునకును వెలలో, రుచిలో, మర్యాదలో ఎంతో అంతరము కలదు. మద్యసారము మాత్రము రెంటను ఒక్కటియే. ధనవంతుని గ్లాసును కళయనియు, పేదవాని గ్లాసును వ్యసనమనియు వ్రాయు లెక్క తప్పులెక్క.

మరియొక పద్దు కూడ కలదు. బయట అమ్మకమునకు ఆ స్టౌటు గ్లాసు వెల ఒక కూలికి పెద్ద మొత్తము. అందులో అరకు కొండపై పండును కోసిన చేతికి ఎంత చేరినదో, గోదావరి తోటలో కాయ పగులగొట్టిన చేతికి ఎంత చేరినదో ఏ బిల్లులోను వ్రాసి యుండదు. "రెండూ మనవే" యని మా మేనల్లుడు గర్వించుట నాకు సంతోషమే. మనవైన గింజలను గుర్తించినట్లే మనవారి చేతులను కూడ గుర్తింపవలెను.

కావున యువకులకు నా మనవి యిది. ఈ విద్య నేర్చినవారిని తక్కువగా చూడరాదు. గింజను ఎరిగి, వేడిని ఎరిగి, పులుపును ఎరిగి చేయు పని అది. నేను 34 సంవత్సరములు బస్తాలను లెక్కించితిని గాని గింజను ఎరుగనైతిని. అట్లే, ఈ వస్తువును తాకమని చెప్పు ఇండ్లను ఎగతాళి చేయరాదు. ఆ ఇండ్లలో ఎవరో ఒకరు మూల్యము చెల్లించి యుందురు. మన కుటుంబముల చరిత్ర వ్రాయువారు ఈ రెండు పద్దులను ఒకే పుటలో వ్రాయుదురు గాక.

అమ్మ మాటను నేను ఒక గ్రుక్కమేర దాటితిని. ఆ సంగతి ఆ రాత్రియే మా ఇంటామెకు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అత్తమ్మ ఉండుంటే వాసన చూసి, రాగులు మాడ్చినారా అని అడిగుండును" అనినది. ఆ గ్రుక్కను నా ఖర్చు పద్దులోనే వ్రాసికొంటిని.